బెల్లము వండు చోట చిన్నపిల్లల పాఠము

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 16:13–21, ద్వితీయోపదేశకాండము 8:1–18, యెహోషువ 5:4–12

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటి గిల్గాలులో దిగిన దినములను గూర్చి చదువునప్పుడు మనము సున్నతిని గూర్చియు, పస్కాను గూర్చియు చెప్పుకొందుము గాని యెహోషువ గ్రంథము ఐదవ అధ్యాయము పండ్రెండవ వచనమును తొందరగా దాటిపోవుచుందుము. వారు ఆ దేశపు పంటను తినిన మరునాడు మన్నా నిలిచిపోయెనని అక్కడ వ్రాయబడియున్నది. ఆ జనములో ఎందరో అరణ్యములో పుట్టి పెరిగినవారు. తెల్లవారి గుడారపు తెర తీయగానే నేలమీద ఆహారము కనబడుటయే వారెరిగిన సంగతి. దుక్కి ఎట్లుండును, కళ్లమెట్లుండును, వేగించిన ధాన్యము వేగక మునుపు ఏ గడ్డి కొనను ఎన్ని నెలలు నిలిచియుండును అనునవి వారు చూచియుండరు. మన్నా కనబడని ఆ మొదటి ఉదయమున పిల్లలు తమ తల్లులను ఏమి అడిగిరో లేఖనము చెప్పలేదు. చిన్నపిల్లలున్న ఇంటివారు ఊహించుకొనగలరు.

మన్నా మొట్టమొదట కురిసినప్పుడైతే పెద్దవారే ఇదేమి అని ఒకరినొకరు అడుగుకొనిరి. మన కశింకోట పిల్లలైతే “ఇదేటి?” అందురు. మా ఆదివారపు బడిలో గంటకు పదిసార్లు వినబడు మాట ఇదియే. ఈ నెల పాఠము ఆ మాటను పట్టుకొనియే వ్రాయుచున్నాము.

ప్రియులారా, మీలో కొందరు ఇట్లనవచ్చును: “మనవారు పల్లె పిల్లలు. పొలము గట్టుననే పెరుగుచున్నారు. ఆహారము ఎట్లు తయారగునో చూపుటకు వారిని వేరుగా తీసికొని పోవలెనా? అది పట్టణపు బడుల ముచ్చట గదా!” ఒక సంఘ పెద్ద మాతో ఇట్లే అనిరి. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. అయితే ఒక ఆదివారము ఆరేండ్లు మొదలు పదేండ్లలోపు పిల్లలను కూర్చుండబెట్టి బెల్లము ఎక్కడనుండి వచ్చునని అడిగితిమి. చెరకునుండి అని అందరును చెప్పిరి. చెరకు బెల్లమెట్లగును అని అడుగగా ఒకడు “ఎండలో పెడతారు” అనెను. ఒక చిన్నది “పంచదార కలిపి ముద్ద సేత్తారు” అనెను. మిగిలినవారు కొట్టున్న వీధివైపు వ్రేలు చూపిరి.

చెరకు వారికి తెలియును. అది నమిలి ఉమ్మివేయు గడ. బెల్లమును తెలియును, అది పరమాన్నములోను, బడిలో మధ్యాహ్న భోజనముతో 2020 నుండి ఇచ్చుటకు మొదలుపెట్టిన వేరుశెనగ చిక్కీలోను ఉండునది. ఈ రెంటి నడుమ నున్న మంటయు, మనుష్యులును, చేతులును వారికి తెలియవు. కొందరికి ఆ చేతులు తమ తండ్రివే అయియుండియు తెలియవు.

మన తాతల కాలములో ఈ పాఠము చెప్పవలసిన అవసరము లేకుండెను. ఎద్దులు త్రిప్పు గానుగ ఊరి ప్రక్కనే ఉండెడిది. సంక్రాంతి మొదలు ఉగాది వరకు గాలిలోనే పాకపు వాసన వచ్చెడిది. పిల్లలు పిలువకయే పోయి చేరెడివారు. తరువాత డీజిలు ఇంజన్లు, ఆ తరువాత కరెంటు మోటార్లు వచ్చినవి. అనకాపల్లి బెల్లపు మార్కెట్టు దేశములోని పెద్ద బెల్లపు మార్కెట్టులలో నొకటిగా పేరుపొందినది. చెరకును గూర్చి పరిశోధన చేయుటకు అనకాపల్లిలో 1913లోనే ఒక స్థానము నెలకొల్పిరి. ఇప్పుడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము క్రింద ప్రాంతీయ పరిశోధన స్థానముగా నున్నది. మన రైతులు విశ్వామిత్ర అని పిలుచు 87ఎ298 రకము అక్కడ పుట్టినదే. ఏటికొప్పాకలో 1933లోనే రైతులు సహకార సంఘముగా కూడి చక్కెర కర్మాగారమును తలపెట్టిరి. ఇంతటి చెరకు సీమ మనది.

అయినను ఇప్పుడు చెరకు వేయువారు తగ్గిరి. నరుకుటకు కూలీలు దొరకరు. దొరికినను ఖర్చు గిట్టదు. తుమ్మపాల చక్కెర కర్మాగారము మూతపడినది. గానుగలు ఊరికి కొన్ని ఉండిన చోట ఇప్పుడు పొరుగూరికి పోయి వెదకవలసియున్నది. కనుక చూపవలసినది మనము ఇప్పుడే చూపవలెను. మరి పదేండ్లకు ఈ పాఠము చెప్పు ఉపాధ్యాయునికి పాఠము దొరుకునో లేదో.

మేము పిల్లలను తీసికొని పోవునప్పుడు ఒక పద్ధతిని పాటించుచున్నాము. తీసికొని పోవుటకు ముందు బడిలోనే ఒక త్రాసు పెట్టి పది కిలోల చెరకు గడలు తూచుదుము. పిల్లలు వంతులవారీగా ఆ కట్టను ఎత్తి చూతురు. చిన్నవారికి అది లేవదు. తరువాత ఒక కిలో బెల్లము వారి చేతిలో పెట్టి, ఈ కట్టయంతయు ఇంతయగునని చెప్పుదుము. వారు నమ్మరు. నమ్మకపోవుటయే మంచిది, నమ్మనివాడు గానుగ దగ్గర కన్నులు తెరచి చూచును. లెక్క ఇట్లున్నది: పది కిలోల చెరకు ఆడించినయెడల సుమారు ఆరు కిలోల రసము వచ్చును. మిగిలిన నాలుగు కిలోలు పిప్పి. రసములో నూటికి పదునెనిమిది పాళ్ల చొప్పున తీపి యున్నదనుకొనిన, నీరంతయు ఆవిరియైన పిమ్మట మిగులునది ఒక కిలో మాత్రమే. కనుక టన్ను చెరకుకు సుమారు నూరు కిలోల బెల్లము. పెద్ద పిల్లలచేత ఈ లెక్కను పలకమీద చేయింపవచ్చును.

గానుగ పాకలో మొదట చూపవలసినది చెరకు కుప్ప. నరికిన గడను ఆలస్యము చేయక ఆడింపవలెను. ఒకటి రెండు దినములు ఎండలో పడియున్నయెడల లోపలి తీపి మారిపోయి, బెల్లము సరిగా గట్టిపడదు. అందుచేతనే నరుకువాడు, బండివాడు, గానుగవాడు ఒకరికొరకు ఒకరు పరుగెత్తుచుందురు. మన్నా రాత్రి నిలువయుంచినప్పుడు పురుగులు పట్టి కంపు కొట్టెనని పిల్లలు చదివియున్నారు. చెరకు కూడ మనకొరకు కాచుకొని యుండదని ఇక్కడ ఒక మాట చెప్పిన చాలును, దీర్ఘోపన్యాసము వలదు.

తరువాత ఇనుప రోలర్ల నడుమ గడలు దూరి అవతలికి నలిగిన పిప్పియై వచ్చుటను దూరమునుండి చూపవలెను. రసము గుడ్డలో వడగట్టబడి తొట్టిలోనికి దిగును. అక్కడనుండి పెద్ద ఇనుప పెనములోనికి. క్రింద పొయ్యి. ఆ పొయ్యిలో వేయునది ఏమనుకొనుచున్నారు? అంతకు ముందు ఎండబెట్టిన పిప్పియే! చెరకు రసమును చెరకు పిప్పియే కాచుచున్నదని తెలిసినప్పుడు పిల్లల ముఖములు చూడవలెను. చెరకు ఆకులును కొసలును పశువులకు పోవును. పెనములోనుండి తీసిన మడ్డి ఎరువునకు పోవును. పొయ్యిలోని బూడిదయు పొలమునకే పోవును. అయిదువేలమంది తినిన పిమ్మట మిగిలిన ముక్కలను వ్యర్థము కాకుండ పోగుచేయుడని ప్రభువు శిష్యులకు చెప్పిన సంగతి (యోహాను 6:12) ఈ పొయ్యి దగ్గర చెప్పిన పాఠము, దేవాలయములో చెప్పినదానికంటె బాగుగా నిలుచునని మా అనుభవము.

రసము కాగునప్పుడు కొంచెము సున్నపు తేట వేయుదురు. రసములోని పులుపును అది విరుచును. కొన్ని చోట్ల బెండ కాండమును దంచి తీసిన జిగురును వేయుదురు. అప్పుడు మురికియంతయు పైకి తేలి నురుగుగా కట్టును. దానిని చిల్లుల గరిటెతో తీసివేయుదురు. ఇక మరిగి మరిగి, రెండు మూడు గంటలకు రంగు మారి, పాకము చిక్కబడి, పెద్ద పెద్ద బుడగలు లేచును. పొంగి పెనము దాటకుండ కొంచెము నూనె వేయుదురు. వండు పెద్ద కొంచెము పాకమును తీసి చల్లని నీళ్లలో వేసి వ్రేళ్లతో నొక్కి చూచును. ముద్ద కట్టినయెడల దించవలెను. నీళ్లు 100 డిగ్రీలకు మరుగును. ఈ పాకమో దించునప్పటికి సుమారు 118 డిగ్రీల వేడి యుండును. ఆయన చేతిలో ఏ యంత్రమును లేదు, వ్రేళ్లే యంత్రము. తరువాత పాకమును తొట్టిలోనికి ఒంపి, తెడ్డుతో కలిపి చల్లార్చి, దిమ్మలు కట్టుదురు.

ఇంతయు ఒక్కసారి చూచుట చిన్నపిల్లలకు కష్టము. ఆరేండ్ల వానికి పిప్పి పొయ్యిలోనికి పోవుట ఒక్కటియే జ్ఞాపకముండును; అది చాలును. అన్నియు చెప్పవలెనను ఆతురము పెద్దవారిది.

ఇప్పుడు మా మనస్సులో ముఖ్యముగా నున్న సంగతి చెప్పెదము. ఒక గానుగలో పొయ్యికి మంట వేయు సహోదరుడు మన సంఘపువాడే. ఆయన కుమారుడు మా బడిలో ఎప్పుడును వెనుక వరుసలో కూర్చుండును. తండ్రి బట్టల పొగవాసనను గూర్చి, మసి చేతులను గూర్చి తోటి పిల్లలు వానిని ఆటపట్టించుచుండిరి. మేము వారించితిమి, వారింపు ఎంతవరకు పని చేయునో మీకును తెలియును. ఆ దినమున పిల్లలందరును పొయ్యికి దూరముగా నిలువబడి, మంట ఎందుకు ఒకసారి పెంచి ఒకసారి తగ్గించుచున్నావని ఆ సహోదరుని అడిగిరి. ఆయన తలపాగాతో ముఖము తుడుచుకొని, “పెనం కాడున్న పెద్దాయన సెయ్యెత్తితే నేను పిప్పి ఆపేయాల నాయనా. ఆపకపోతే మాడిపోద్ది. మాడితే దిమ్మంతా నల్లగైపోద్ది, రైతు ఏడాది కష్టం పోద్ది” అనెను. ఒక చిన్నది, “నీకు కాలదా మావయ్యా?” అని అడిగెను. ఆయన నవ్వెను. జవాబు వెనుకనుండి వచ్చెను. “మా నాన్న కళ్లల్లోకి పొగెళ్తాది. రాత్రి నిద్దరట్టదు” అని ఆ కుమారుడు చెప్పెను. వాడు మా బడిలో అడుగకుండ నోరు తెరచుట అదియే మొదటిసారి.

ఆ తరువాత పిల్లలు వానిని ఆటపట్టించుట పూర్తిగా మానిరని చెప్పజాలము. పిల్లలు పిల్లలే. అయితే బెల్లమును గూర్చి ఏ సందేహము వచ్చినను ఇప్పుడు వానివైపు తిరిగి అడుగుచున్నారు.

మన పెద్దలలో కొందరికి ఇంకొక జ్ఞాపకమును ఉన్నది. చెరకు నరికినది వారే, మోసినది వారే, పిప్పి ఎండబెట్టినది వారే; అయినను వండిన పదార్థమును ముట్టరాదని, ఎడముగా నిలువుమని అనిపించుకొనిన దినములవి. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునేడవ అధికరణములో అంటరానితనమును నిషేధించెను. చట్టము వచ్చిన దినముననే మనస్సులు మారవని ముసలివారు మనకంటె బాగుగా ఎరుగుదురు. అట్టి పెద్దల మనుమలు నేడు గానుగ యజమాని పిలువగా లోనికి వెళ్లి, ఆయన గ్లాసులతో రసము పోసి ఇయ్యగా అందరితోపాటు త్రాగుచున్నారు. మేము మొదట అడిగిన గానుగవారు ఏదో వంక చెప్పి పంపివేసిరి. రెండవవారు రండనిరి. పిల్లలకు ఈ చరిత్ర అంతయు అక్కడనే చెప్పవలెనని మేమనము. కాని ఒక తాతయ్యనో మామ్మనో వెంట తీసికొని పోయినయెడల, తిరుగు త్రోవలో వారే చెప్పుదురు. అది మన నోట చెప్పినదానికంటె మేలు.

పిల్లలను చూచుటకు తీసికొని పోవుట వేరు, పనికి పెట్టుట వేరు అనునది మరువకూడదు. బెల్లపు దినములలో పిప్పి ఎండబెట్టుటకు, గడలు అందించుటకు చిన్నవారిని బడి మానిపించి పంపు అలవాటు మన సంఘములలోను ఉండెను. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, పదునాలుగేండ్లు నిండని పిల్లలను ఏ పనిలోను కూలికి పెట్టరాదని శాసించిరి. బడి వేళలు కానప్పుడు తమ ఇంటి పనిలో, అదియు అపాయము లేని పనిలో, సాయము చేయుటకు మాత్రము సెలవున్నది. రోలర్ల దగ్గర గడలందించుట అపాయము లేని పని యని ఏ తల్లియు అనదు. కనుక ఈ పర్యటన చూచి వచ్చిన పిల్లవాడు “నేనూ ఎల్లి పని సేత్తాను” అని ఉత్సాహపడినను, బడికే పంపుడి.

రంగును గూర్చిన ప్రశ్న తప్పక వచ్చును. ఒక దిమ్మ పసుపుపచ్చగా మెరయుచుండును, ఒకటి నల్లగా నుండును. “ఇది బాగునేదా?” అని పిల్లలు నల్లదానిని చూపి అడుగుదురు. రంగుకు కారణములు అనేకము. ఉప్పునేలలో పెరిగిన చెరకుకును, ఎరువు మితిమీరి వేసిన చెరకుకును రంగు తగ్గును. మంట ఎక్కువైనను తగ్గును. అయితే పసుపు రంగు కొరకు హైడ్రోసు అను పొడిని కలుపుట కూడ కలదు. అది సోడియం హైడ్రోసల్ఫైటు. దానివలన గంధకపు అంశము బెల్లములో మిగిలిపోవును. ఉబ్బసము గలవారికి అది కీడు చేయవచ్చును. అది ఎంతకు మించరాదో ఆహార భద్రతా నియమములలో హద్దు పెట్టియున్నారు. ఈ మాటను పిల్లల ఎదుట రైతును నిందించు రీతిగా చెప్పకుడి. మార్కెట్టులో తెల్లదానికి ఎక్కువ ధర పలుకుచున్నంత కాలము నల్లదానిని వండుము అని చెప్పుట సులభము, వండి అప్పు తీర్చుట సులభము కాదు. ముందుగా మారవలసినవారు కొనువారు, అనగా మనమే. రంగు చూడక, వండినది ఎవరో, ఏమి కలిపిరో అడిగి కొనుడి. నల్లనిదంతయు మంచిదని కూడ అనుకొనవలదు; మడ్డి తీయని బెల్లమును నల్లగానే యుండును.

చెరకు లేని ఊళ్లవారు ఏమి చేయవలెను? ధాన్యపు మిల్లు ఎక్కడ లేదు? ఊక ఎటు పోవుచున్నదో, తవుడు ఎటు పోవుచున్నదో, నూరు కిలోల వడ్లకు ఎన్ని కిలోల బియ్యమగునో పిల్లలు చూతురు. పాలకేంద్రములో తెల్లవారుజామున వెన్న శాతము కొలుచుట చూపవచ్చును. పూడిమడక వంటి సముద్రపు పల్లెలలోనివారు చేపలు ఎండబెట్టు ఇసుక దిబ్బలకు పోవలెను. శ్రీకాకుళము జిల్లాలోనివారికి నౌపడ ఉప్పు మళ్లు కలవు. మన జిల్లాలోనే మాడుగులలో హల్వా చేయువారు గోధుమలను నానబెట్టి పాలు తీసి, వాటిని పంచదారతోను నెయ్యితోను గంటల తరబడి కలుపుచుందురు. ఆ చేతుల బలమును పిల్లలు చూడదగును. అయితే బస్సు మాటలాడుకొని పట్టణములోని పెద్ద కర్మాగారమునకు పోవుట మాకంతగా నచ్చదు. అక్కడ అద్దము వెనుక యంత్రమును చూచెదరు, చేసినవానితో మాటలాడలేరు. దగ్గరగా నున్నదియు, మాటలాడు మనిషి యున్నదియు, పిల్లలు తినునదియు చాలును. అయిదు చోట్లు చూపుటకంటె ఒక్కటి మొదటినుండి చివరివరకు చూపుట మంచిది.

తిరిగి వచ్చిన తరువాత మేము ప్రశ్నపత్రము పెట్టము. పిల్లలు గడలు, పెనము, పొగ గీయుదురు. కొందరు పొయ్యి దగ్గరి మనిషిని పెనముకంటె పెద్దగా గీసిరి. తరువాతి ఆదివారము ద్వితీయోపదేశకాండము ఎనిమిదవ అధ్యాయమును చదువుదుము. కడుపునిండ తిని, మంచి ఇండ్లు కట్టుకొనిన పిమ్మట, ఇదంతయు నా చేతి బలముచేతనే కలిగెనని అనుకొనకుమని మోషే హెచ్చరించు భాగమది. గానుగ చూచిన పిల్లలకు ఆ మాట వెంటనే బోధపడును. అది నా చేతి బలము కాదు; నరికిన చేయి, మోసిన చేయి, మంట వేసిన చేయి అందులో నున్నవి. వానను, నేలను, గడలోని తీపిని ఆ చేతులలో ఏదియు చేయలేదు. మన్నాను సహితము ప్రజలు ప్రతి ఉదయము ఏరుకొని, తిరుగట విసరి, రోట దంచి, పెనముమీద కాల్చుకొనిరని సంఖ్యాకాండము పదునొకండవ అధ్యాయములో నున్నది. ఆకాశమునుండి వచ్చినదానికిని చేతిపని తప్పలేదు. గిల్గాలులో మన్నా నిలిచిపోయినప్పుడు దేవుడు ఇచ్చుట మానలేదు. ఇచ్చు మార్గము మార్చెను. ఆ జనము మొదట తినిన ధాన్యమో, వారు విత్తినది కానే కాదు, ఇతరులు విత్తినది. మా పిల్లలలో ఒకడు దీనిని వినగానే “అయితే ఆళ్లకి ఎవులు సెప్పారు అయ్యగారూ, దన్నివాదాలు?” అని అడిగెను. ఆ ప్రశ్నకు మా యొద్ద సిద్ధమైన జవాబు లేకపోయెను. మీ బడిలో కూడ అడిగి చూడుడి.

భోజనమునకు ముందు ప్రార్థించునప్పుడు పనివారిని జ్ఞాపకము చేసికొనుమని పిల్లలను బలవంతపెట్టము. కాని కొందరు తమంతట తామే మంట వేయు సహోదరుని పేరు చెప్పుచున్నారని తల్లులు చెప్పిరి. ఒక ఇంటిలోనైతే అన్నము వడ్డించు తల్లి పేరును చేర్చిరట. ఇన్ని ఏండ్లలో ఎవరును ఆమె పేరు చెప్పలేదని ఆమె నవ్వుచు చెప్పినప్పుడు, అక్కడ నున్న పురుషులము నేలవైపు చూచితిమి.

ఇక పోదలచినవారికి కొన్ని మాటలు. గానుగవారిని వారము ముందే కలిసి సెలవు పుచ్చుకొనవలెను. పండుగ ముందటి వారము అడుగవద్దు. వారికి ఊపిరి సలుపదు. పదిమంది పిల్లలకు ముగ్గురు పెద్దవారైనను ఉండవలెను. రోలర్లు తిరుగుచున్నప్పుడు ఆడపిల్లల జడలును చున్నీలును కట్టివేసి, అందరిని పది అడుగుల అవతలనే నిలుపుడి. నేలమీద ఒక త్రాడు పరచి, దానిని దాటరాదని చెప్పిన చాలును. పాకము దించు సమయమున పెనము దగ్గర ఎవరును ఉండరాదు. నీళ్లు పడినయెడల జారిపోవును గాని పాకము పడినయెడల చర్మమునకు అంటుకొనును. ఆ సమయమున వండు పెద్దను ప్రశ్నలడిగి ఆయన దృష్టి మరల్చవద్దు. పొయ్యి చుట్టు నిప్పు రవ్వలుండును గనుక చెప్పులు లేని పిల్లలకు ఎక్కడనైన అడిగి తెచ్చి తొడిగించుడి. వేడి పాకమును నాలుకకు రాయు అలవాటును ఆపుడి. చల్లని రసము త్రాగుటకు ఇంటినుండి గ్లాసులు తీసికొని పోవలెను.

ఒక్కొక్కరు పది ఇరువది రూపాయలు తెచ్చుకొనవలెనని ముందే చెప్పుడి. లేనివారికి సంఘపు డబ్బునుండి రహస్యముగా ఇయ్యవలెను. గానుగవారు ఊరకయే ఇచ్చెదమందురు. రసమును పుచ్చుకొనుడి గాని బెల్లమును వెలయిచ్చి కొనుడి. తూచునప్పుడు పిల్లలను దగ్గరకు రానిచ్చి, త్రాసులోని అంకెను వారిచేతనే చదివించుడి.